మూలకుళంలో ఒక పాత గిటారు

పెద్దల నుంచి సంక్రమించే వస్తువులలో సంగీత వాద్యానిది ఒక ప్రత్యేక స్థానం. పొలాన్ని కౌలుకు ఇవ్వవచ్చు. ఇంటిని అద్దెకు ఇవ్వవచ్చు. నగను కరిగించి మరొక నగ చేయించుకున్నా బంగారం బంగారంగానే ఉంటుంది. వాద్యం సంగతి అలా కాదు. వాయించకుండా దాచి ఉంచితే అది క్రమంగా మూగబోతుంది, వాయిస్తే అరుగుతుంది. పైగా ఒకరి చేతికి అమరిన వాద్యం మరొకరి చేతికి అమరుతుందన్న నమ్మకం లేదు. కనుక తన చేతికి, తన సంగీతానికి అనువుగా దాన్ని మార్చుకోవాలన్న కోరిక వారసునికి ఏనాడో ఒకనాడు కలుగక తప్పదు. ఎంతవరకు మార్చవచ్చుననేది అప్పుడు తలయెత్తే ప్రశ్న. చూడడానికి అది ఒక పనిముట్టుకు సంబంధించిన చిన్న ప్రశ్నే. కాని పోయినవారి పట్ల గౌరవం, ఉన్నవారి అవసరం, రాబోయేవారి హక్కు, ఈ మూడింటినీ ఒకే త్రాసులో తూచితే గాని దానికి సమాధానం దొరకదు.

పుదుచ్చేరి పట్టణానికి పడమట, విల్లుపురం వెళ్ళే దారిలో మూలకుళం ఉంది. తమిళంలో 'కుళం' అంటే కొలను. సముద్రతీరాన ఉన్న ఫ్రెంచి వీధుల పసుపు గోడలను చూడవచ్చే యాత్రికులు సాధారణంగా ఇంత దూరం రారు. ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, పదవీ విరమణ చేసినవారు ఇల్లు కట్టుకొని స్థిరపడిన ప్రాంతమిది. ఇక్కడి ఇళ్ళలో ఒకటి యానాం నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబానిది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానానికీ పుదుచ్చేరికీ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నా, ఒకే పరిపాలన క్రింద ఉండడం వల్ల ఈ రెండు ఊళ్ళ మధ్య రాకపోకలు తరతరాలుగా సాగుతున్నాయి.

ఆ ఇల్లు కట్టించినాయన ఫ్రెంచి సైన్యంలో పనిచేసి తిరిగివచ్చినవాడు. ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ప్రాంతాలు 1954 నవంబరు 1న భారతదేశపు పరిపాలన క్రిందికి వచ్చాయి. ఆ బదిలీకి 1962 ఆగస్టు 16న చట్టబద్ధత ఏర్పడింది. కోరుకున్నవారు ఫ్రెంచి పౌరసత్వాన్ని నిలుపుకొనే వీలు అప్పటి ఒప్పందంలో ఉండేది. అలా నిలుపుకొని ఫ్రెంచి సైన్యంలో కొలువు చేసినవారి కుటుంబాలు పుదుచ్చేరిలో ఇప్పటికీ ఉన్నాయి. ఈయన 1968లో మార్సేయి రేవులో ఒక నావికుని వద్ద ఒక ఎలక్ట్రిక్ గిటారును, దాని పెట్టెతో సహా, పాతదిగానే కొన్నాడు. 1979లో పింఛనుతో ఇంటికి వచ్చినప్పుడు ఆ పెట్టె కూడా వచ్చింది. ఆదివారం సాయంత్రాలలో మేడ మీద కూర్చొని వాయించుకోవడం తప్ప, ఆయన ఏ సభలోనూ వాయించలేదు. 2021లో ఆయన మరణించాడు. పిల్లలు లేని ఆ దంపతుల ఇంట గిటారు మేనల్లుని చేతికి వచ్చింది.

అది ఫెండర్ కంపెనీవారి స్ట్రాటొకాస్టర్. విద్యుత్ గిటార్ల చరిత్రలో ఈ నమూనాకు పెద్ద పేరుంది. 1954లో మొదటిసారిగా విపణిలోకి వచ్చిన ఈ వాద్యానికి వీణకూ మామూలు గిటారుకూ ఉన్నట్లు బోలుగా ఉండే బుర్ర లేదు. గట్టి కొయ్యతో చేసిన ఒంటి పలక మాత్రమే ఉంది. తీగల క్రింద అమర్చిన మూడు పికప్‌లు ఆ తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. ఒక్కొక్క పికప్‌లో ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు ఉంటాయి. ఈ వాద్యానికి గొంతు అంటూ ఉంటే అది ప్రధానంగా అక్కడే ఉంది.

మేనల్లుని చేతికి వచ్చిన గిటారు మెడ మొదట్లో వేసిన ముద్రను బట్టి అది 1964లో తయారైంది. 1965 జనవరిలో ఫెండర్ సంస్థను అమెరికాలోని సి.బి.ఎస్. సంస్థ కొనుగోలు చేసింది. అంతకు ముందు తయారైన వాద్యాలకు సేకరణదారులలో ఎక్కువ గిరాకీ ఉంది. ఏ మార్పూ లేని ఆనాటి స్ట్రాటొకాస్టర్ ఈనాడు పది వేల అమెరికన్ డాలర్లకు పైగా పలుకుతుంది. దానికి కొత్త రంగు వేయించినా, పికప్‌ల కోసం కొయ్యను తవ్వినా ఆ విలువ సుమారు సగానికి పడిపోతుందని వ్యాపారుల లెక్క. ఒక ఆదివారపు వినోదానికి కొన్న వస్తువు యాభై ఏళ్ళు గడిచేసరికి ఆస్తిగా మారిన తీరు ఇది.

మేనల్లుడు వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు, అభిరుచి రీత్యా గాయకుల ఇంట పెరిగినవాడు. అతని తల్లి, అంటే గిటారు తెచ్చినాయన చెల్లెలు, వీణ వాయిస్తుంది. ఆమె వీణ కూడా వారసత్వంగా వచ్చిందే. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస మానుతో చేసిన ఏకాండి వీణ అది, ఆమె అమ్మమ్మది. ఆ వీణ వింటూ పెరిగిన కుర్రవాడు మామయ్య ఒడిలో గిటారు పట్టడం నేర్చుకున్నాడు. ఫలితంగా అతనికి ఒక విచిత్రమైన కోరిక పుట్టింది. తల్లి వీణ మీద పలికే కీర్తనను మామయ్య గిటారు మీద పలికించాలన్నదే ఆ కోరిక. చిన్న చిన్న సభలలో ఇప్పటికే అతడు వేరే గిటారుతో ఆ ప్రయత్నం చేస్తున్నాడు. అయితే చవకగా కొన్న ఆ గిటారు నాదం అతని మనసుకు పట్టలేదు. మామయ్య గిటారు నాదమే అతని చెవిలో ఉంది.

ఆ గిటారుతో మూడు ఇబ్బందులున్నాయి. మొదటిది అరుగుదల. మూడవ, ఐదవ మెట్ల మీద తీగలు యాభై ఏళ్ళుగా ఒరిసి గాళ్ళు పడ్డాయి. అక్కడ స్వరం గీరుకున్నట్లు వస్తుంది. రెండవది రొద. ఒంటి చుట్ట పికప్‌లు తీగల కదలికతో పాటు ఇంట్లోని యాభై హెర్ట్జ్‌ల విద్యుత్ ప్రవాహపు ఝంకారాన్ని కూడా పట్టుకుంటాయి. ఆలాపనలో విశ్రాంతి వచ్చినప్పుడల్లా ఆ రొద తుమ్మెద మోతలా వినిపిస్తుంది. మూడవది గమకం. మొదటి రెండూ ఏ గిటారు వాద్యకారునికైనా ఉండేవే. మూడవది కర్ణాటక సంగీతం వాయించదలచినవానికే ఎదురవుతుంది.

వీణ మీద మెట్లు దండికి బాగా ఎత్తున ఉంటాయి. వేలు తీగను నొక్కి ప్రక్కకు లాగినప్పుడు వేలికి మెట్టు తప్ప కొయ్య తగలదు. అందుచేత ఒకే మెట్టు మీద తీగను లాగి రెండు మూడు స్వరస్థానాలు పైకి జారవచ్చు. గిటారు మీద మెట్టు ఎత్తు మిల్లీమీటరు మాత్రమే. వేలికొన క్రిందనున్న కొయ్యకు ఆనుకొంటుంది; లాగినప్పుడు ఒరిపిడి కలుగుతుంది. పైగా 1964 నాటి ఈ గిటారు పలక అడ్డంగా బాగా వంపు తిరిగి ఉంటుంది. తీగను దూరం లాగితే అది పై మెట్టుకు తగిలి నాదం తెగిపోతుంది. దీనికి విరుగుడుగా మెట్టుకూ మెట్టుకూ మధ్య కొయ్యను దోసిలిలా తవ్వే పద్ధతి ఒకటి ఉంది. 1970ల నడుమ 'శక్తి' బృందంలో ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్ వంటి విద్వాంసులతో కలిసి వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్, ఇలా తవ్విన పలక గల గిటారును గిబ్సన్ కంపెనీ చేత ప్రత్యేకంగా చేయించుకున్నాడు. గమకం కోసం పాశ్చాత్య వాద్యాన్ని తవ్వడమన్నది కొత్త ఆలోచన కాదన్నమాట.

కాని ఆయన చేయించుకున్నది కొత్త వాద్యం. మేనల్లుని చేతిలో ఉన్నది పాతది. మెట్టు అరిగితే మరొక మెట్టు వేయవచ్చు; తీగ తెగితే మరొక తీగ కట్టవచ్చు. తవ్విన కొయ్యను మళ్ళీ పూడ్చడం ఎవరి తరమూ కాదు.

సలహాలకు కొదవ లేకపోయింది. పాత వాద్యాలు సేకరించే పరిచయస్థుడొకరు, ఒక్క మర కూడా విప్పవద్దని, అలాగే పెట్టెలో ఉంచమని హితవు చెప్పాడు. సినిమా వాద్యబృందాలలో గిటారు వాయించిన మిత్రుడొకరు ఇందుకు పూర్తిగా భిన్నంగా మాట్లాడాడు. వాద్యం వాయించడానికే గదా. రొద పోవడానికి జంట చుట్టల పికప్‌లు పెట్టించు, పలక తవ్వించు, వెనుదీయకు అన్నాడు. జంట చుట్టల పికప్‌ను గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో రూపొందించాడు. రెండు చుట్టలను ఒకదానికొకటి వ్యతిరేకంగా అమర్చడం వల్ల అవి పట్టిన రొద పరస్పరం కొట్టివేసుకొని పోతుంది. అయితే అది వెడల్పుగా ఉంటుంది కనుక, ఈ గిటారులో పెట్టాలంటే పై పలకను కత్తిరించి లోపలి కొయ్యను తొలచవలసి ఉంటుంది. రొదతో పాటు నాదం కూడా మారుతుంది.

అందరికంటె తక్కువ మాట్లాడింది అత్తయ్య. ఆ గిటారు మీద అందరికంటె ఎక్కువ హక్కు కూడా ఆమెదే. "మీ మామయ్య దాన్ని బీరువాలో పెట్టడానికి కొనలేదు నాయనా. నీకెలా వీలైతే అలా వాయించుకో. కాని మేడ మీంచి వినపడితే అది ఆయనదేనని నాకు తెలియాలి" అన్నది. ఈ మాటలో రెండు కోరికలున్నాయి. అవి ఒకదానికొకటి అడ్డం వచ్చేలా కూడా ఉన్నాయి. సేకరణదారుడు ధర గురించి మాట్లాడాడు, మిత్రుడు సౌకర్యం గురించి మాట్లాడాడు. అత్తయ్య నాదం గురించి మాట్లాడింది.

వాద్యాలను మార్చుకోవడంలో మన సంగీతానికి ఉన్న అనుభవం తక్కువది కాదు. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి వయొలిన్ మన కచేరీలలోకి ప్రవేశించింది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటి విద్వాంసుల చేతిలో అది పరాయి వాద్యమన్న మాటే మరుగున పడిపోయింది. ఇంత ప్రయాణంలో వయొలిన్ కొయ్య మీద ఒక్క ఉలి దెబ్బ కూడా పడలేదు. మారింది శ్రుతి: తీగలను షడ్జ పంచమాలకు కూర్చుకున్నారు. మారింది కూర్చునే తీరు: నేల మీద కూర్చొని, వాద్యం కొసను కుడి పాదానికి ఆనించి, ఎడమ చేతికి జారే స్వేచ్ఛ కల్పించారు. వాద్యాన్ని అలాగే ఉంచి, మనిషి తనను తాను మార్చుకున్న మార్గమిది.

రెండవ మార్గం మాండొలిన్‌ది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నతనంలోనే ఆ వాద్యాన్ని చేపట్టాడు. మాండొలిన్‌కు మామూలుగా నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలను ఒకే వేలితో ఒకే మేరకు లాగి గమకం పలికించడం కష్టం. కనుక ఆయన జంటలను విడిచిపెట్టి, ఐదు ఒంటి తీగలు గల విద్యుత్ మాండొలిన్‌ను స్వీకరించాడు. విద్యుత్ సహాయంతో నాదం నిలకడ పెరిగింది. తీగ ఒంటిదైనందువల్ల గమకం వశమైంది. 2014లో అకాలంగా మరణించే నాటికి ప్రపంచమంతటా మాండొలిన్ అంటే ఆయన పేరే గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది. మార్పును కాదని ఉంటే కర్ణాటక మాండొలిన్ అన్నదే ఉండేది కాదు. కనుక పాతదాన్ని ముట్టుకోరాదన్న నియమం మన సంగీత చరిత్రకు పొసగదు.

ఈ రెండు మార్గాలూ మేనల్లునికి తెలుసు. మొదటి మార్గంలో అతడు కొంతకాలం నడిచి చూశాడు. శ్రుతి తగ్గించి, సన్నని తీగలు కట్టి, వేళ్ళ తీరు మార్చుకొని వాయించాడు. తోడి, భైరవి వంటి రాగాలలో ఆ వాద్యం అతనికి లొంగలేదు. రెండవ మార్గంలో అడుగు పెట్టడానికి మనసు ఒప్పలేదు. శ్రీనివాస్ మార్చింది తన కోసం ఎంచుకున్న వాద్యాన్ని. ఇది ఆయన వాయించిన వాద్యం, ఆమె వినే వాద్యం.

మూడవ మార్గం ఇంట్లోనే ఉంది. కొన్నేళ్ళకు ఒకసారి ఆ ఇంట తల్లి వీణకు మైనం పని జరుగుతుంది. వీణ ఇరవైనాలుగు మెట్లూ దండి కొయ్యలో దిగి ఉండవు. మసి కలిపిన తేనెమైనంతో కట్టిన రెండు గట్ల మీద అవి నిలిచి ఉంటాయి. వేసవికి మైనం మెత్తబడుతుంది, నాళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి బీటలు వారుతుంది, మెట్లు కదులుతాయి. అప్పుడు పనివాడు వచ్చి పాత మైనం తీసి, కరిగించి, కొత్త గట్టు కట్టి, ఒక్కొక్క మెట్టును చెవితో సరిచూసి నిలుపుతాడు. మైనం పని జరుగుతున్న ఒక రోజున తల్లి కొడుకుతో, "మా అమ్మమ్మ నాటి మెట్టు ఒక్కటైనా ఆవిడ నిలిపిన చోట లేదురా. అయినా ఇది అమ్మమ్మ వీణే" అన్నది.

ఆ మాట మీద నిలిచి ఆలోచిస్తే వీణ నిర్మాణంలోని వివేకం బోధపడుతుంది. ఆ వీణ కూడా మార్పుల ఫలితమే. పదిహేడవ శతాబ్దిలో తంజావూరును ఏలిన రఘునాథనాయకుని కాలంలో వీణకు ఇరవైనాలుగు స్థిరమైన మెట్ల అమరిక ఏర్పడిందని చెబుతారు. తెలుగులో కావ్యాలు రచించిన ఆ రాజు ఆస్థానంలో సంగీతశాస్త్ర చర్చ విశేషంగా సాగింది. అంత పెద్ద మార్పు చేసిన సంప్రదాయం కూడా మెట్లను కొయ్యలో పాతిపెట్టలేదు. మైనం మీద నిలిపింది. ఏది కాలానుగుణంగా మారవలసి ఉంటుందో దాన్ని మారడానికి వీలైన చోట ఉంచింది. ఏది మారితే వీణ వీణ కాకుండా పోతుందో ఆ బుర్రను, దండిని, కొయ్యను వేరుగా ఉంచింది. బొబ్బిలి పనివారైతే ఆ రెండవ భాగాన్ని అతుకు లేకుండా ఒకే మానులో తొలిచారు.

కట్టడాల పరిరక్షణలో నిపుణులు పాటించే సూత్రాలు కూడా ఈ వివేకానికి దూరం కాదు. ఈ గిటారు తయారైన 1964లోనే వెనిస్ నగరంలో కట్టడాల పరిరక్షకులు ఒక నియమావళిని ఆమోదించారు. ఒక కట్టడంలో వివిధ కాలాలవారు చేర్చిన భాగాలను గౌరవించాలని, చేసిన ప్రతి పనినీ వివరంగా నమోదు చేసి ఉంచాలని ఆ నియమావళి చెప్పింది. అసలు ముట్టుకోకుండా వదిలివేయడమే రక్షణ అనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి పుదుచ్చేరివారు దూరం వెళ్ళనక్కర లేదు. సముద్రం ఒడ్డున ఫ్రెంచివారు కట్టిన మేయరు కార్యాలయ భవనం చాలాకాలం శిథిలావస్థలో ఉండి, 2014 నవంబరులో వానలకు కూలిపోయింది. పాత రూపంలోనే తిరిగి కట్టిన భవనం 2021లో ప్రారంభమైంది. రూపం తిరిగి వచ్చింది. గోడలు మాత్రం కొత్తవి. ఉప్పుగాలి కట్టడాన్ని ఎలా తింటుందో పెట్టెలోని గిటారునూ అలాగే తింటుంది. మరలు తుప్పు పడతాయి, తీగలు నల్లబడతాయి, బిరడలు బిగుసుకుపోతాయి. తాతలు తాగిన నేతుల కథ చెప్పుకోవడానికి తప్ప అటువంటి వాద్యం మరెందుకూ పనికిరాదు.

చివరికి మేనల్లుడు గిటారును చెన్నైలో గిటార్లు బాగుచేసే ఒక పనివాని వద్దకు తీసుకువెళ్ళాడు. విప్పి చూడడం వరకే అనుమతి ఇచ్చాడు. విప్పిన తరువాత రెండు విషయాలు బయటపడ్డాయి.

మొదటిది మామయ్యకు సంబంధించింది. పై పలక తీసేసరికి, ధ్వనిని పెంచి తగ్గించే మరల్లో ఒకటి ఫెండర్ కంపెనీది కాదని తెలిసింది. అది పాత వాల్వు రేడియోలో వాడే భాగం. దాని మీది టంకం ముద్దగా, అనుభవం లేని చేతితో పెట్టినట్లుగా ఉంది. ఆ సంగతి చెప్పగానే అత్తయ్యకు గుర్తుకు వచ్చింది. ఒక వానాకాలం మేడ మీద తడిసి గిటారు పలకడం మానివేసినప్పుడు, ఆయనే రేడియో బాగుచేసే దుకాణం నుంచి ఏదో తెచ్చి రాత్రంతా కూర్చొని అతికించాడట. సేకరణదారుని లెక్కలో ఇది లోపం. అసలు భాగం పోయినట్లు, ధర తగ్గినట్లు. ఆ ఇంటి లెక్కలో మాత్రం ఆ వాద్యం మొత్తంలో మామయ్య చేతిపని ఉన్నది అక్కడొక్కచోటే. దాన్ని తీసివేసి 1964 నాటి అసలు భాగం వెతికి పెట్టిస్తే గిటారు కంపెనీకి దగ్గరవుతుంది, ఆయనకు దూరమవుతుంది. ముట్టుకోకుండా ఉంచవలసిన అసలు రూపం అంటూ ఒకటి ఉన్నదన్న ఊహ అక్కడ సడలిపోయింది. గిటారు తన యజమాని చేతిలో అప్పటికే ఒకసారి మారింది. అయితే ఆయన మార్చింది టంకంతో అతికినదాన్ని, వేడి తగిలిస్తే మళ్ళీ ఊడి వచ్చేదాన్ని. కొయ్య జోలికి ఆయన పోలేదు.

రెండవ విషయం గిటారు నిర్మాణానికి సంబంధించింది. పనివాడు మెడను విడదీసి దాని అంచును చూపించాడు. మేపుల్ కొయ్య మీద అతికిన రోజ్‌వుడ్ పలక మందం రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లేదు. 1962 నుంచి కొన్నేళ్ళపాటు ఫెండర్ కంపెనీ ఇలా పలుచని పలకలే వాడింది. గమకానికి చాలినంత లోతుగా తవ్వితే నల్లని రోజ్‌వుడ్ దాదాపు అరిగిపోయి, చోటు చోటున తెల్లని మేపుల్ బయటపడుతుంది. "తవ్వమంటే తవ్వుతాను సార్. తరువాత నన్ను అడగకండి" అని పనివాడు ఆకురాయిని బల్ల మీద పెట్టాడు.

అయితే ఆ మెడ అలా విడిగా చేతిలోకి రావడమే సమస్యకు దారి చూపింది. వయొలిన్, వీణ వంటి వాద్యాలలో మెడ బుర్రతో ఏకమై గాని, జిగురుతో అతికి గాని ఉంటుంది. లియో ఫెండర్ 1950 నాటి తన తొలి గిటార్ల నుంచీ మెడను నాలుగు మరలతో మాత్రమే బిగించాడు. మెట్లు అరిగితే, మెడ వంగితే దాన్ని తీసివేసి మరొకటి బిగించుకోవచ్చునన్నది ఆయన ఉద్దేశం. వీణ చేసినవారు మైనం పెట్టిన చోట ఆయన మరలు పెట్టాడు. మారవలసినదాన్ని మారడానికి వీలైన చోట ఉంచాలన్న వివేకం కాలిఫోర్నియాలోని ఆ కర్మాగారానికీ బొబ్బిలి పనివారికీ ఉమ్మడిగా ఉన్నదన్నమాట. వారసుడు చేయవలసినదల్లా తనకు కావలసిన మార్పును ఆ చోట వెతకడమే.

మేనల్లుని నిర్ణయం ఈ విధంగా స్థిరపడింది. పాత మెడను తవ్వించలేదు. దాని మెట్లను కూడా మార్పించలేదు. మందమైన పలకతో, తక్కువ వంపుతో కొత్త మెడ ఒకటి చేయించి, దాని పలకను దోసిలిలా తవ్వించి, ఆ నాలుగు మరలతోనే బిగించుకున్నాడు. పికప్‌లను ముట్టుకోలేదు. రొద తగ్గించడానికి కొయ్యను తొలిచే బదులు, లోపలి గూటికి రాగి రేకు అంటింపజేశాడు. దాన్ని ఎప్పుడు కావాలన్నా ఒలిచివేయవచ్చు. ఇంట్లో ఎండిపోయిన ఎర్తు గుంతను తిరిగి తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి నీరు పోయించాడు. రొద పూర్తిగా పోలేదు, వినగలిగేంతగా తగ్గింది. రేడియో భాగాన్ని మామయ్య టంకంతో సహా అలాగే ఉంచాడు. విప్పిన పాత మెడను నూలుగుడ్డలో చుట్టి, మామయ్య పెట్టెలోనే భద్రపరిచాడు.

ఈ నిర్ణయంలో నష్టం లేదని చెప్పడానికి వీలులేదు. మరలను పదే పదే విప్పి బిగిస్తే కొయ్యలోని రంధ్రాలు వదులవుతాయి. కనుక ఆదివారానికొక మెడ, కచేరీకొక మెడ అని మార్చుకోవడం కుదరదు. కొత్త మెడ కొయ్య వేరు కనుక నాదంలో ఏదో సూక్ష్మభేదం ఉండనే ఉంటుంది. అన్నింటికంటె ముఖ్యం, మామయ్య ఎడమచేయి పదేళ్ళు కాదు, యాభై ఏళ్ళు పట్టుకున్న భాగం ఇప్పుడు పెట్టెలో ఉంది. మూడవ, ఐదవ మెట్ల మీది గాళ్ళు ఆయన ఇష్టపడ్డ పాటలు ఎక్కడ తిరిగేవో చెప్పే గుర్తులు. అవి ఇక వినపడవు. మొదటి సాయంత్రం మేడ మీద వాయించి దిగివచ్చినప్పుడు అత్తయ్య మెడ మీద చేయి వేసి నిమిరి చూసింది. "గొంతు ఆయనదే. చెయ్యి మాత్రం నీది" అన్నది. అందులో సంతోషమూ ఉంది, కించిత్తు బాధా ఉంది. రెండింటినీ తగ్గించి చెప్పే ప్రయత్నం ఆమె చేయలేదు.

ఆలోచిస్తే ఏ వారసత్వంలోనైనా ఇంతకంటె ఎక్కువ ఆశించలేమేమో. గొంతు నిలవాలి, చేయి మారాలి. చేయి మారకుండా గొంతు నిలవాలంటే వస్తువు ప్రదర్శనశాలకు చేరుతుంది. గొంతును కూడా మార్చివేస్తే అది వారసత్వం కాదు, కొయ్యముక్క. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు. కాని అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ మార్పు తన తరువాతివారికి నచ్చకపోతే, వారు దాన్ని తీసివేయగలరా? తీసివేయగలిగితే అది చేసినవాని అభిప్రాయంగా మిగులుతుంది. తీసివేయలేకపోతే అది వారి మీద ఆజ్ఞ అవుతుంది. పాత ఇళ్ళకూ గుళ్ళకూ తాళపత్రాలకూ బాధ్యులైన అధికారులు రోజూ సంతకాలు పెట్టే దస్త్రాలలో కూడా ఈ ప్రశ్నే వేరు వేరు రూపాలలో దాగి ఉంటుంది.

పెట్టె మూత వేసే ముందు మేనల్లుడు ఒక కాగితం వ్రాసి పాత మెడ ప్రక్కన ఉంచాడు. ఏ తేదీన ఏ భాగం తీసింది, దాని బదులు ఏమి పెట్టింది, పాత మరలు ఏ పొట్లంలో ఉన్నది, రాగి రేకు ఎలా ఒలవాలి, రేడియో భాగాన్ని ఎందుకు తీయలేదు, ఇవన్నీ వరుసగా తెలుగులో వ్రాశాడు. క్రింద మామయ్య పేరు, తన పేరు వ్రాశాడు. కాగితంలో సగం ఖాళీగా వదిలిపెట్టాడు.